ఫోర్డ్ దయాగుణం మీద ఒక లెక్క

మే డే దగ్గర పడితే చాలు, ఒక సందేశం ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. సారాంశం ఇది: "హెన్రీ ఫోర్డ్ కారును కనిపెట్టాడు, అసెంబ్లీ లైన్‌ను కనిపెట్టాడు. తన కార్మికులు తన కారే కొనుక్కోవాలని 1914లో కూలి రెట్టింపు చేశాడు. యజమాని మనసున్నవాడైతే యూనియన్‌తో పనేముంది?" ఇందులో నేను అడ్డు చెప్పనిది ఆ సంవత్సరం ఒక్కటే.

కారు సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. జర్మనీలో కార్ల్ బెంజ్ మోటారు బండికి పేటెంట్ తీసుకున్నది 1886లో. ఫోర్డ్ తొలి బండి డెట్రాయిట్‌లో, ఇంటి వెనక షెడ్డులో, 1896 జూన్‌లో పూర్తయింది. తీరా చూస్తే షెడ్డు తలుపులోంచి బండి పట్టలేదు. గొడ్డలి పట్టుకుని ఇటుక గోడ పగలగొట్టి బయటికి తెచ్చాడు. మొండిపట్టులో మాత్రం ఆయనకు వంక పెట్టలేం.

అసెంబ్లీ లైన్ కథలో చాలామంది ఉన్నారు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రానికే చెందిన రాన్సమ్ ఓల్డ్స్ 1901 నుంచే కార్లను వరుసక్రమంలో బిగించి వందల్లో అమ్ముతున్నాడు. షికాగో కబేళాల్లో కొక్కేలకు వేలాడే పశువులు ముందుకు కదులుతుంటే ఒక్కో మనిషి ఒక్కో కోత కోసేవాడు. ఫోర్డ్ మనుషులు అది చూసి తిరగేశారు: అక్కడ విడదీయడం, ఇక్కడ బిగించడం. 1913లో తమ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో మాగ్నెటోతో, అంటే ఇంజన్‌లో నిప్పురవ్వకు విద్యుత్తు పుట్టించే భాగంతో, మొదలుపెట్టారు. ఒక మనిషి ఒంటరిగా బిగిస్తే ఇరవై నిమిషాలు పట్టే పని, 29 మందికి పంచితే పదమూడు నిమిషాలకు దిగింది. నడుము వంచే పని లేకుండా బల్ల ఎత్తు పెంచాక, చివరికి అయిదు నిమిషాలకు వచ్చింది. ఈ సవరణల వెనక సోరెన్సన్, ఏవరీ, క్లాన్ వంటి ఉద్యోగులున్నారు. సందేశంలో వారి ఊసే లేదు.

ఇక అసలు విషయం, అయిదు డాలర్ల రోజుకూలి. పొద్దస్తమానం ఒకే మర బిగించే పనిలో ఎవరూ నిలవలేదు. 1913లో సుమారు 14 వేల ఉద్యోగాలు నిండుగా ఉంచడానికి 50 వేల మందికి పైగా చేర్చుకోవలసి వచ్చింది. చేరినవాడికి పని నేర్పేలోపు వెళ్లిపోయేవాడు. ఆ పోకను ఆపడానికే కూలి పెంచారు. 1914 జనవరి 5న విలేఖరుల ముందు కొత్త కూలి ప్రకటన చదివింది కూడా ఫోర్డ్ కాదు, ఆయన భాగస్వామి జేమ్స్ కౌజెన్స్. ఈ నిర్ణయం కోసం గట్టిగా పట్టుబట్టినవాడు ఆయనే. తర్వాత డెట్రాయిట్ మేయరై, సెనేటరై, పిల్లల ఆరోగ్యానికి కోటి డాలర్లిచ్చాడు. దానకర్ణుడి కథే కావాలంటే ఆయన గురించి రాసుకోవచ్చు.

పైగా అయిదు డాలర్లూ జీతం కాదు. జీతం 2.34 డాలర్లే, మిగతాది లాభాల్లో వాటా. ఆ వాటా కోసం కంపెనీ తనిఖీదారు ఇంటికొచ్చి తాగుతున్నావా, ఎంత దాచావు, ఇల్లు శుభ్రంగా ఉందా, ఇంట్లో అద్దెకు ఎవరినైనా పెట్టుకున్నావా అని ఆరా తీసేవాడు. నచ్చకపోతే వాటా లేదు. మొదట్లో ఆడవాళ్లకు అసలే లేదు.

మరి "కారు కొనుక్కోవాలని" అన్న మాట? కాగితం మీద లెక్క వేద్దాం. ఈ పథకానికి ఏడాదికి కోటి డాలర్లవుతుందని కంపెనీయే చెప్పింది. కారు ధర అటూ ఇటుగా 500 డాలర్లు. 14 వేల మందీ ఏటా ఒక్కో కారు కొన్నా వచ్చేది 70 లక్షలు, అదీ తయారీ ఖర్చు తీయకముందు. జీతగాడికి అదనంగా పది రూపాయలిచ్చి, అతడు ఏడు రూపాయల సరుకు కొంటే లాభమనుకునే కిరాణా కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? తాము తీసుకున్న గొప్ప ఖర్చు తగ్గింపు చర్యల్లో అయిదు డాలర్ల కూలి ఒకటని ఫోర్డే 1922లో తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. కూలి పెంచితే కార్మికులే సరుకు కొంటారన్న వాదన ఆయన ఆ తర్వాత ఎత్తుకున్నది. వ్యాపారిగా అది తెలివైన పనే, నేను కాదనను. దాన్ని దయ అనడమే నాకు మింగుడుపడదు.

యూనియన్ అవసరం లేదన్నది అన్నింటికన్నా పెద్ద అబద్ధం. 1932 మార్చి 7న పని అడుగుతూ డియర్‌బోర్న్‌లోని ఫోర్డ్ ఫ్యాక్టరీకి నడిచివచ్చిన నిరుద్యోగులపై పోలీసులూ కంపెనీ కాపలాదారులూ కాల్పులు జరిపారు. నలుగురు అక్కడే పోయారు. 1937లో పోటీ కంపెనీ జనరల్ మోటార్స్‌కు చెందిన ఫ్లింట్ ఫ్యాక్టరీల్లో లోపలే కూర్చుని సమ్మె చేస్తున్న కార్మికులను బలవంతంగా బయటికి గెంటించడానికి మిషిగన్ గవర్నర్ ఫ్రాంక్ మర్ఫీ ఒప్పుకోకపోవడంతో ఆ కంపెనీ యూనియన్ ముందు దిగివచ్చింది. ఫోర్డ్ దిగిరాలేదు. ఆ మే 26న కరపత్రాలు పంచడానికి వచ్చిన యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్‌ను ఫ్యాక్టరీ గేటు దగ్గరి వంతెన మీద కంపెనీ మనుషులు చితకబాదారు. ఫొటోగ్రాఫర్ల మీద పడి ఫొటోలు తీసిన ప్లేట్లు గుంజుకున్నారు. ఒకాయన మాత్రం అసలు ప్లేట్లు కారులో దాచి, ఖాళీవి చేతిలో పెట్టాడు. అలా బయటపడిన బొమ్మలు దేశమంతా అచ్చయ్యాయి. అయినా ఫోర్డ్ యూనియన్ ఒప్పందంపై సంతకం పెట్టింది మరో నాలుగేళ్లకు, 1941 జూన్‌లో, అదీ సమ్మె జరిగాకే.