వంకాయ ఎక్కడ కొన్నా ఒకటేనా?

వారం రోజులుగా ఒక ఫార్వర్డ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ చుట్టాల గ్రూపులోనూ తిరుగుతూనే ఉంది. అందులో ఉన్నది ఇదీ: రైతు బజార్లు, సంతల వల్ల పంటల్లో వైవిధ్యం బతుకుతుందనేది ఉత్త కబుర్లు, వంకాయ ఎక్కడ కొన్నా వంకాయే, పాత విత్తనాలన్నీ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో భద్రంగా ఉన్నాయి, రైతు బజార్లో కూర్చునేది దళారులే, దేశీ రకాలను నమ్ముకుంటే దేశం పస్తులుంటుంది. నాకు బాగా తెలిసినవాళ్లు కూడా ‘నిజమే కదా’ అని పంపిస్తుంటే బాధేసింది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"వంకాయ ఎక్కడ కొన్నా వంకాయే."

కాదు. సూపర్ మార్కెట్‌కి ఒకే సైజులో, ఒకే రంగులో, టన్నుల లెక్కన, లారీలో కుదుపులు తట్టుకుని వచ్చి, ఆపైన రెండు మూడు రోజులు వాడిపోకుండా నిలిచే సరుకు కావాలి. అది వాళ్ల దుర్మార్గమేమీ కాదు, ఆ వ్యాపారం నడిచే తీరే అంత. అందుకే అక్కడ టమాటా అంటే తోలు మందంగా ఉన్న హైబ్రిడ్ టమాటానే. చారుకి పనికొచ్చే పుల్లటి నాటు టమాటా ఆ దారిలో సగంలోనే పగిలిపోతుంది. మామిడి సంగతీ అంతే. బంగినపల్లి గట్టిది, ఎంత దూరమైనా పోతుంది. మరి చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం? పండాక గట్టిగా పట్టుకుంటేనే చితికిపోతాయి, వాటిని తోట దగ్గరో, రోడ్డు పక్కన గంపలోనో, సంతలోనో కొనుక్కోవాల్సిందే. అక్కడ కొనేవాళ్లు తగ్గితే రైతు రసం చెట్టు కొట్టేసి బంగినపల్లి అంటు నాటుతాడు, అతని లెక్క ప్రకారం అది సరైన పనే. రకాలు పోయేది ఇలాగే. వాటిని ఎవరూ నిషేధించరు, పది కిలోలు కొనే మనిషి ఉండడు, అంతే.

ఆకుకూరల దగ్గర ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. జొన్న చేలో, కంది చేలో ఎవరూ విత్తకుండానే గునుగు, చెంచలి, తుమ్మి, గంగవాయిలి మొలుస్తాయి. పుస్తకాల్లో వీటి పేరు కలుపు, తెలంగాణ పల్లెల్లో వీటి పేరు కూర. కలుపు మందు కొట్టిన చేలో ఇవి ఉండవు. ఇవి ఏ గోడౌనుకీ వెళ్లవు, పొద్దున్నే కోసి మూటగట్టుకుని వచ్చి సంతలో నేల మీద పరుచుకుని కూర్చునే ఆమె దగ్గరే దొరుకుతాయి. ఆ కట్టల డబ్బు ఆమె చేతికి అందితే, వచ్చే ఏడు ఆ చేలో మందు కొట్టకపోవడానికి ఆమెకి ఒక కారణం ఉంటుంది.

"విత్తనాలు ఇక్రిశాట్‌లో ఉన్నాయి కదా."

ఉన్నాయి, అది చాలా మంచి పని. పటాన్‌చెరులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు కలిపి లక్షకు పైగా నమూనాలు దాచారు, ఎక్కువ కాలం ఉంచాల్సినవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో పెడతారు. కానీ ఆ చలిలో విత్తనం నిద్రపోతుంది. బయట వాన వచ్చే తీరు మారుతోంది, పురుగు మారుతోంది, తెగులు మారుతోంది, వాటితో పాటు తానూ మారేది ఏటేటా చేలో పండే విత్తనం మాత్రమే. పైగా దాన్ని ఏ కార్తెలో విత్తాలో, పక్కన ఏది సాలు వేయాలో, ఎలా దంచి వండాలో ఫ్రీజర్లో దాచలేం.

ఈ మాట రాసినవాళ్లు పటాన్‌చెరు నుంచి అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకి, జహీరాబాద్ దాకా వెళ్తే బాగుండేది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. దాని సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, నీటి వసతి లేని చిన్న చిన్న చెలకల వాళ్లు. ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము, పెసర, నువ్వు... ఇలా ఇరవై దాకా పంటలు కలిపి వేస్తారు. విత్తనాన్ని బూడిద, వేపాకు కలిపి గంపల్లో దాస్తారు, లేనివాళ్లకి ఇచ్చి, పంట వచ్చాక కొంత కలిపి వెనక్కి తీసుకుంటారు. సంక్రాంతి నుంచి దాదాపు నెల రోజులు ఆ విత్తనాల్ని ఎడ్ల బండ్ల మీద ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్లకి వచ్చింది. అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బహుమతి కాదు, వాళ్లు అమ్మకం గురించి కూడా ఆలోచించడం. సొంత అంగడి పెట్టుకున్నారు, హైదరాబాద్‌కి బండి మీద తెచ్చి అమ్మారు. కొర్రలు తినేవాళ్లు లేకపోతే కొర్ర విత్తనం గంపలో ఎన్నాళ్లుంటుంది?

"కూర్చునేది దళారులే."

కొన్ని చోట్ల నిజం, ఒప్పుకుంటాను. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పుడు పెట్టిన పద్ధతి వేరు. రైతుని గుర్తించి ఫొటో ఉన్న కార్డు ఇవ్వాలి, ఆ రోజు ధర బోర్డు మీద రాయాలి, అది హోల్‌సేల్ కంటే ఎక్కువగా, బయటి చిల్లర ధర కంటే తక్కువగా ఉండాలి. కార్డుల తనిఖీ సడలిన చోట బినామీలు చేరారు. ఆ జబ్బుకి మందు, కార్డుల తనిఖీని గట్టిగా చేయమని అడగడమే. దొంగలు దూరారని ఇల్లే కూల్చేద్దామంటే, నిజంగా తెల్లవారుజామున రెండు బుట్టలతో బస్సెక్కి వచ్చే రైతు ఎక్కడికి పోవాలి?

"దేశీ రకాలతో దేశం పస్తులుంటుంది."

అధిక దిగుబడి రకాలు మానేయమని నేను అనడం లేదు, మా ఇంట్లోనూ సాంబ మసూరే వండుతాం. ఆ సాంబ మసూరి సంగతే చెప్తాను. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 అది, రుచికి తిరుగులేదు, కానీ బాక్టీరియా ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి తెగులు తట్టుకునే సాంబ మసూరిని తయారు చేశారు, 2008లో అది విడుదలైంది. అందులోకి తెచ్చిన మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరిది. ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడిగి ఉంటే ఆ అడవి వరిని ఎవరూ దాచి ఉండేవాళ్లు కాదు.