ఇంట్లో ఏ భాషో అడగండి

మన ప్రభుత్వ బడి పిల్లల పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లీషు అందని పిల్లలు తెలుగు చూసి అర్థం చేసుకుంటారని 2020లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మంచి ఆలోచనే. కానీ యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు తండాల్లో అమ్మ లంబాడీలో మాట్లాడే ఇంటి నుంచి వచ్చి ఒకటో తరగతిలో కూర్చున్న పిల్లకు ఆ రెండు పేజీలూ కొత్తే. ఇంట్లో ఎరుకల భాష మాట్లాడే పిల్లల సంగతీ అంతే. నెల్లూరు కోటమిట్టలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు వీధిలో తెలుగు చెవిన పడుతుంది కాబట్టి కొంత నయం.

ఇంగ్లీషు వద్దని మేం అనడం లేదు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం పట్టుకుని "ఇందులో ఏం రాశారు నాయనా" అని మందుల షాపు కుర్రాణ్ణి అడిగే తల్లులను రోజూ చూస్తున్నాం. తన బిడ్డకు ఆ అవస్థ రాకూడదని ఆమె ఇంగ్లీషు మీడియం కోరుకుంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టాలని జీవో ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ తెలుగా, ఇంగ్లీషా అని రాష్ట్రమంతా వాదించుకుంది. ఇంట్లో మూడో భాష ఉన్న పిల్లల ఊసు ఆ గొడవలో పెద్దగా వినపడలేదు.

లెక్కల్లోనూ వాళ్లు కనపడరు. 2011 జనగణనలో మాతృభాషతో పాటు తెలిసిన మరో రెండు భాషలు అడిగారు. ఎంత బాగా వచ్చో అడగలేదు. పైగా భాషల పట్టికలో లంబాడీని హిందీ కింద కలిపేశారు. తండా పిల్ల హిందీ పిల్ల ఎలా అవుతుంది? అమెరికాలో స్థిరపడిన మన నెల్లూరు, ఒంగోలు వాళ్లను అక్కడి సర్వే మనుషులు ఇంట్లో ఏ భాష అని ముందు అడుగుతారు. ఇంగ్లీషు కాదంటే, ఇంగ్లీషు చాలా బాగా వచ్చా, బాగా వచ్చా, అంతంతమాత్రమా, అసలు రాదా అని నాలుగు మెట్లలో అడుగుతారు. ఏ ఊళ్లో ఏ భాషలో బ్యాలెట్ పేపర్ ఇవ్వాలో తేల్చడానికి ఆ జవాబులు వాడతారు.

భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లకు ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో రాష్ట్రాలకు చెప్పింది. అందుకు ముందు ఏ బడిలో ఏ భాష పిల్లలు ఎందరో తెలియాలి. బడుల, విద్యార్థుల వివరాలు నమోదు చేసే యూడైస్‌లో మాతృభాష గడి ఇప్పటికే ఉంది. ఆ గడిని బడి మీడియం చూసి కాకుండా, తల్లిని అడిగి నింపాలి. తండాలు, ఎరుకల కాలనీలు ఉన్న చోట అంగన్‌వాడీలోనూ, మొదటి రెండు తరగతుల్లోనూ ఆ భాష వచ్చిన స్థానిక అమ్మాయిని సహాయకురాలిగా పెట్టాలి. ఈ జూన్ అడ్మిషన్లతోనే ఈ ప్రాంతాల జిల్లా విద్యాశాఖాధికారులు ఈ పని మొదలుపెట్టాలి.