పుట్టుకతో తూకం వేసిన సేనాని

బ్రిటిష్ సేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్ పేరు ఇంగ్లండ్‌లో 1880 ఆగస్టుతో ముడిపడింది. సుమారు 10 వేల మందిని కాబూల్ నుంచి కాందహార్‌కు 300 మైళ్లకు పైగా మూడు వారాల్లో నడిపించి, సెప్టెంబర్ 1న అఫ్గాన్ రాకుమారుడు అయూబ్ ఖాన్‌ను ఓడించాడు. మనకు ముఖ్యమైంది ఆ మరుసటి ఏడాది. 1881లో ఆయన మద్రాసు సైన్యానికి అధిపతిగా వచ్చాడు.

ఇక్కడి సిపాయిలు ఆయనకు ఆనలేదు. దక్షిణాదిలో ఎన్నో ఏళ్లుగా యుద్ధాల్లేక వీళ్లలో పోరాట గుణం పోయిందని, గూర్ఖాలకూ సిక్కులకూ సాటిరారని తేల్చేశాడు. తిరకాసు అక్కడే ఉంది. యుద్ధం లేకపోవడమే కారణమైతే ఆ లోటు అవకాశానిది, పుట్టుకది కాదు. కానీ 1885 నుంచి 1893 దాకా మొత్తం భారత సైన్యం ఆయన చేతిలో ఉన్నప్పుడు నియామకాలు ఉత్తరాదికే మళ్లాయి. కొన్ని మద్రాసు పటాలాలను పంజాబీలతో నింపారు. సైన్యం జీతం మీద తరతరాలుగా బతికిన తెలుగు కుటుంబాలకు ఆ దారి మెల్లగా మూసుకుపోయింది.

ఇంతకీ ఆయన ఇల్లెలాంటిది? ఆయన పుట్టింది 1832లో, కాన్పూర్‌లో. తండ్రి అబ్రహాం రాబర్ట్స్ ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్ వాడు, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్. ఒక భారతీయ స్త్రీ వల్ల కూడా అబ్రహాంకు పిల్లలున్నారు. వాళ్లలో జాన్ రాబర్ట్స్ లక్నోలో ముస్లింగా బతికాడు, ఉర్దూలో కవిత్వం రాశాడు. 'ఛోటే సాహెబ్' అనేవాళ్లు. తండ్రి ఒక్కడే అయినా ఒకరు సామ్రాజ్యానికి సేనాని, ఇంకొకరు లక్నో కవి. మనిషిని తయారుచేసేది రక్తమే అనేవాడికి ఇంతకన్నా ఇబ్బందైన ఉదాహరణ దొరకదు.

ఫ్రెడరిక్‌ను చిన్నప్పుడే ఇంగ్లండ్‌కు పంపేయడంతో తండ్రీకొడుకులు దాదాపు అపరిచితులు. 1852లో పెషావర్‌లో తండ్రి దగ్గర ఏడీసీగా, అంటే సహాయక అధికారిగా, చేరాకే కాస్త దగ్గరయ్యారు. మొదటి అఫ్గాన్ యుద్ధం నడిచిన తీరు నచ్చక 1840లో తప్పుకున్న తండ్రికి, 1879లో అదే కాబూల్‌లో వరసగా ఉరిశిక్షలు వేయించిన కొడుకు!

దుఃఖమూ తక్కువ కాదు. భార్య నోరాతో కన్న ఆరుగురు పిల్లల్లో ముగ్గురు పసితనంలోనే పోయారు. కొడుకు ఫ్రెడ్డీ 1899 డిసెంబర్‌లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో యుద్ధంలో, కొలెన్సో పోరులో గాయపడి చనిపోయాడు. 1858లో తండ్రి సంపాదించుకున్న బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాసే అతనికి చావు తర్వాత దక్కింది. కొద్దిరోజుల్లోనే ముసలి రాబర్ట్స్ అదే యుద్ధానికి సేనానిగా ఓడ ఎక్కాడు.

1914 నవంబర్‌లో, 82 ఏళ్ల వయసులో, ఫ్రాన్స్ వెళ్లింది భారత సిపాయిలను పలకరించడానికే. అక్కడే సెయింట్ ఒమేర్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. ఆ సిపాయిల్లో ఎక్కువమంది పంజాబ్, నేపాల్, గఢ్వాల్ వాళ్లే.