కొత్త రోడ్డుకు నీళ్ల పంపకం

కాంక్రీటు రోడ్డు మరమ్మతు సైట్లలో నీళ్ల వాడకానికి ఒక పద్ధతి ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పరు. వద్దన్న చోట ధారాళంగా పోయాలి, కావలసిన చోట చుక్క ఉండకూడదు. ఇంత నిలకడగా అమలయ్యే నియమం సైట్లో మరొకటి లేదు కాబట్టి దీన్ని కాస్త గౌరవంగానే పరిశీలించాలి.

మొదటి పోత మిక్సర్ లారీ వెనక. మాల్, అంటే కలిపిన కాంక్రీటు, గట్టిగా ఉంది, దిగడం లేదు అంటాడు మేస్త్రీ. డ్రైవర్ పైపు తిప్పుతాడు. ఎంత పోశావని అడిగిన పాపాన ఎవరూ పోరు. కాంక్రీటు గట్టిపడేది ఆరిపోయి కాదు, సిమెంటుకూ నీటికీ జరిగే రసాయన చర్య వల్ల. వంద కిలోల సిమెంటు ఆ చర్యలో తనలో కలుపుకునే నీళ్లు సుమారు 25 కిలోలు. పరచడానికి వీలుగా ఉండాలని డిజైన్‌లోనే 40, 45 దాకా ఇస్తారు. ఆ పైన పైపు తిప్పి పోసిందంతా మెల్లగా ఆవిరై, పోతూ పోతూ కాంక్రీటు నిండా సన్నని రంధ్రాలు వదిలిపోతుంది. ప్లాస్టిసైజర్ అనే మందు కలిపితే అదనపు నీళ్లు లేకుండానే మాల్ జారుతుంది. కానీ మందుకు బిల్లు ఉంటుంది, పైపుకు ఉండదు. పైగా నడుముకు సుఖం ఇవాళే దక్కుతుంది, రోడ్డు పగిలేది ఎప్పుడో.



పరిచి, వైబ్రేటర్ పెట్టి, చదును చేశాక కంకర, ఇసుక కిందికి సర్దుకుని కొంత నీరు పైకి తేలుతుంది. ఆ తడి మెరుపు పోయేదాకా తాపీ ముట్టకూడదు. ముడితే నీరు పైపొరలోనే చిక్కుకుంటుంది, కొన్నాళ్లకు ఆ పొర పొడిగా రాలుతుంది, పెచ్చులూడుతుంది. కానీ తాపీ పట్టుకుని ఊరికే నిలబడ్డవాడు సూపర్‌వైజర్ కంటికి పనిదొంగ. అందుకని వెంటనే రుద్దుడు మొదలవుతుంది. బిగుసుకుంటే నీళ్లు చిలకరిస్తారు, తడి ఎక్కువైతే పొడి సిమెంటు చల్లుతారు. రెండూ పైపొరకు చేటే. టైర్లకు పట్టు దొరకాలంటే అడ్డంగా చీపురు గీతలు వేయాలి గానీ, నున్నగా ఉంటేనే ఫొటో బాగా వస్తుంది. వానకు జారిపడేవాళ్లు ఆ ఫొటోలో ఉండరు.

ఇక నీళ్లు కావలసిన చోట్లు. తడి కాంక్రీటు పీహెచ్ 12, 13 మధ్య ఉంటుంది. చర్మాన్ని తినేసేంత క్షారం అది. అయినా ముట్టుకోగానే చురుక్కుమనదు, అంత మర్యాద దానికి. మోకాళ్ల మీద కూర్చుని రుద్దేవాడి ప్యాంటు తడుస్తుంది, బూటులోకి కాస్త మాల్ దిగుతుంది, అతను పని చేసుకుంటూనే ఉంటాడు. నొప్పి తెలిసేసరికి చర్మం లోతుగా కాలిపోయి ఉంటుంది. అందుకే తడి దిగని మోకాలి ప్యాడ్లు, పొడవాటి గ్లవ్స్, గమ్‌బూట్లు, వాటి పైకి దించిన ప్యాంటు కావాలి. తడిసిన బట్టలు వెంటనే తీసేసి, మంచినీళ్లతో ఇరవై నిమిషాలైనా కడగాలి. కంట్లో పడితే అలాగే కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక్కడ నీళ్లు అడిగి చూడండి. లారీ ట్యాంకులోవి ఇందాకే మాల్‌లోకి పోయాయి. మిగిలింది పనిముట్లు కడిగిన బకెట్, అందులో ఉన్నదీ సిమెంటే. అవి కాక సైట్లో ఉన్న నీళ్లు సూపర్‌వైజర్ నమిలేవే.

పరిచిన కొన్ని గంటల్లోనే జాయింట్లు కోయాలి, లేకపోతే కాంక్రీటు కుంచించుకుపోతూ తనకు నచ్చిన చోట పగులుతుంది. లోతు కనీసం మందంలో నాలుగో వంతు, అంటే 200 మిల్లీమీటర్ల స్లాబుకు 50. రంపం బ్లేడు మీద నీళ్లు పడుతూ ఉంటే ధూళి లేవదు. నీళ్లు పడితే బురదవుతుందని పొడిగానే కోస్తారు. బురదను మర్నాడు ఎత్తిపోయొచ్చు. ఆ ధూళితో ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన సిలికాను ఎత్తిపోసే పార ఇంకా రాలేదు, దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు మందూ లేదు. ముక్కుకు రుమాలు కట్టుకుని పెద్ద జాగ్రత్త తీసుకున్నాననుకునే మనిషిని చూస్తే మాత్రం వ్యంగ్యం కూడా రావడం లేదు.

క్యూరింగ్ అంటే కొత్త కాంక్రీటులో తడి ఆరిపోకుండా కాపాడడం: కనీసం వారం పాటు తడి గోనె సంచులు, లేదా తడిని బయటికి పోనివ్వని క్యూరింగ్ కాంపౌండ్ పూత. మొదటి రోజు కుర్రాడొకడు గొట్టం పట్టుకుని కనిపిస్తాడు. రెండో రోజు అటు వాహనాలే కనిపిస్తాయి.

ఇంతటి కరువులోనూ మిక్సర్ డ్రమ్ము కడగడానికి నీళ్లకు లోటుండదు. ఆ క్షారపు నీటిని గుంటలో పట్టి ఉంచాలన్నది నియమం, పక్క కాలువలోకి వదలడం ఆచారం. కాలువ చివర చెరువులో చేపలు ఈ నియమాలేవీ చదువుకోలేదు.

తర్వాత బీటలు వస్తాయి, వాటిలోంచి వాన నీరు దిగి అడుగు కుంగుతుంది, మళ్లీ మరమ్మతు ఎస్టిమేట్ తయారవుతుంది. అందులో క్యూరింగ్ పద్దు కింద ట్యాంకర్ల ఖర్చు కూడా రాస్తారు.