రెండో బాంబుకు జవాబేది?

ఆగస్టు 6న సభ జరుగుతుంటే లోక్‌సభ సభ్యులు లేచి నిలబడి హిరోషిమా మృతులకు నివాళి అర్పిస్తారు. అణుబాంబుతో యుద్ధాన్ని ముగించడం ధర్మమా, అధర్మమా అన్న వాదన కూడా ఆ ఊరితోనే మొదలై ఆ ఊరితోనే ముగుస్తుంది. మూడు రోజుల తర్వాత నాగసాకి మీద పడిన బాంబు ఆ వాదనకు తోకలా మిగిలిపోయింది. అసలు పరీక్ష అక్కడే ఉందని మేము భావిస్తున్నాం. హిరోషిమాను సమర్థించేవారి మాటలన్నీ పొల్లుపోకుండా ఒప్పుకున్నా నాగసాకికి జవాబు దొరకదు. నాగసాకి మీద బాంబు వేద్దామని వాషింగ్టన్‌లో ఎవరూ కూర్చుని ఆలోచించలేదు, ఎవరూ విడిగా సంతకం పెట్టలేదు.

ఉన్నది ఒకే ఉత్తర్వు. 1945 జులై 25న అమెరికా సైన్యపు తాత్కాలిక అధిపతి జనరల్ థామస్ హ్యాండీ దాన్ని పసిఫిక్‌లోని వ్యూహాత్మక వైమానిక దళాల అధిపతి కార్ల్ స్పాట్జ్‌కు పంపారు. ఆగస్టు 3 దాటాక, గురి కంటికి కనిపించేంత వాతావరణం ఉన్న రోజున మొదటి ‘ప్రత్యేక బాంబు’ను హిరోషిమా, కొకుర, నీగత, నాగసాకిలలో ఏదో ఒకదాని మీద వేయాలి. ఆ తరువాతి బాంబులను సిద్ధమైన వెంటనే వేస్తూ పోవాలి. అంతే. మొదటి బాంబు తర్వాత ఆగి చూడాలని గానీ, శత్రువు జవాబు కోసం ఇన్ని రోజులు వేచి ఉండాలని గానీ అందులో ఒక్క వాక్యం లేదు. లొంగిపొమ్మని జపాన్‌ను హెచ్చరించిన పోట్స్‌డామ్ ప్రకటన వెలువడింది మర్నాడు, జులై 26న. అంటే హెచ్చరిక కంటే ఉత్తర్వు ఒక రోజు ముందే బయల్దేరింది.

దాంతో రెండో బాంబు ముహూర్తం పసిఫిక్‌లో అమెరికా వైమానిక స్థావరమైన టినియన్ దీవిలోని సాంకేతిక సిబ్బంది చేతికి, వాతావరణ నివేదిక చేతికి వెళ్లింది. మొదట అనుకున్న తేదీ ఆగస్టు 11. పదో తేదీ నుంచి వాతావరణం పాడవుతుందన్న సూచనతో దాన్ని 9కి జరిపారు. ఆ రెండు రోజులు మిగుల్చుకోవడానికి బాంబు కూర్పును పరుగులు పెట్టించారు. చివరి రాత్రి చూస్తే ఒక ముఖ్యమైన కేబుల్‌ను తిరగేసి బిగించారని తేలింది. మొత్తం విప్పితే తేదీ తప్పుతుంది. ఆ పనిలో ఉన్న ఇంజినీరు నిబంధనలను పక్కన పెట్టి, పేలుడు పదార్థం పక్కనే కనెక్టర్ల టంకం కరిగించి మార్చి అతికించినట్టు తర్వాత రాసుకున్నారు.

విమానం లేచాక కూడా ఏదీ సవ్యంగా సాగలేదు. బాక్స్‌కార్ అనే ఆ బీ-29 బాంబర్ విమానంలో ఒక ఇంధన పంపు పనిచేయకపోవడంతో సుమారు 600 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకులోనే చిక్కుకుపోయింది. యకుషిమా దీవి మీద కలుసుకోవలసిన కెమెరా విమానం కోసం 40 నిమిషాల దాకా చక్కర్లు కొట్టి ఇంధనం ఖర్చు చేశారు. మొదటి గురి కొకుర. అక్కడి ఆయుధ కర్మాగారం మబ్బు, పొగ కమ్ముకుని కనిపించలేదు. మూడుసార్లు తిరిగి చూసి నాగసాకి వైపు మళ్లారు. అక్కడా మబ్బే. ఇంధనం ఒక్కసారి గురి చూడటానికి మాత్రమే సరిపోతుంది. రాడార్ సాయంతో వస్తుండగా చివరి క్షణాల్లో మబ్బులో చిన్న సందు దొరికిందన్నారు. ఉదయం 11:02కు బాంబు పేలింది, అనుకున్న చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, ఉరకామి లోయ మీద. సుమారు ఆరు కిలోల ప్లుటోనియం, 21 కిలోటన్నుల (అంటే 21 వేల టన్నుల టీఎన్‌టీకి సమానమైన) పేలుడు. ఉరకామి జపాన్ కాథలిక్కులకు పుట్టిల్లు. అక్కడి 12 వేల మందిలో సుమారు 8,500 మంది చనిపోయారు. ఆ ఏడాది చివరికి నాగసాకి మృతులు 70 వేలు దాటారు. విమానం ఒకినావాలో దిగేసరికి ట్యాంకుల్లో చుక్క మిగలని పరిస్థితి.

కొకుర మీద మబ్బు లేకపోతే ఆ 70 వేల మంది బతికేవారు, మరో 70 వేల మంది పోయేవారు. ఎవరు బతకాలో గాలివాటం తేల్చినప్పుడు దాన్ని నిర్ణయమని ఎలా అంటాం?

బాంబును సమర్థించేవారి వాదనను తేలిగ్గా తీసిపారేయకూడదు. ముఖ్యంగా తెలుగువాళ్లం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అంతకు మూడున్నర నెలల ముందు రంగూన్ మీద బాంబులు పడితే, అక్కడి రేవులో మూటలు మోసే ‘కోరంగీలు’ అనే తెలుగు కూలీలు లక్షలాది భారతీయులతో కలిసి అడవి దారుల వెంట కాలినడకన ఇంటిముఖం పట్టారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తమిళులతో పాటు తెలుగు కూలీలను సయాం-బర్మా రైలుమార్గం పనికి తోలితే తిరిగొచ్చినవారు తక్కువ. చైనాలో, ఇండోనేషియాలో, వియత్నాంలో జపాన్ ఆక్రమణ కింద జనం రోజూ చనిపోతూనే ఉన్నారు. యుద్ధం ఒక్కో నెల సాగితే పోయే ప్రాణాలు అమెరికన్ సైనికులవే కావు, ఆసియా సామాన్యులవి కూడా. బాంబును ఖండించే వ్యాసాల్లో ఈ లెక్క తరచూ కనపడదు. అది లోపమే.

ఒకినావా లెక్క కూడా ఉంది. ఆ ఒక్క దీవి కోసం సుమారు 12 వేల మంది అమెరికన్లు, లక్ష దాకా స్థానిక పౌరులు చనిపోయారు. నవంబర్ 1న క్యూషూ మీద దిగాలన్నది తరువాతి పథకం. అక్కడ జపాన్ బలగాలు ముందు ఊహించినదానికంటే ఎంతో పెరిగాయని జులైలో పట్టుకున్న రహస్య సందేశాలు చెప్పాయి. ఇవి నిజమైన భయాలు. అయితే అంకెల విషయంలో నిజాయతీ కావాలి. 1945 జూన్‌లో అమెరికా సైనిక ప్రణాళికా సంఘం వేసిన ఒక అంచనాలో దక్షిణ క్యూషూ, టోక్యో మైదానం రెండింటికీ కలిపి మృతులు 40 వేలు, గాయపడేవారు లక్షన్నర. మాజీ యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ 1947లో రాసిన వ్యాసం నాటికి హతులు, క్షతగాత్రులు కలిపి పది లక్షలకు పైమాటే అయ్యారు. బాంబు పడ్డాక పెరిగిన అంకెను బాంబుకు కారణంగా చూపడం సరికాదు.

పైగా ఈ వాదనలన్నీ నిలబడినా హిరోషిమా వరకే. ఆగస్టు 6 ఉదయం 8:15కు అక్కడ బాంబు పేలింది. రేడియో, టెలిఫోన్ తీగలు తెగిపోవడంతో ఆ ఊరికి ఏమైందో టోక్యోకు వెంటనే అర్థం కాలేదు. అది అణుబాంబు అని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ చేసిన ప్రకటన జపాన్‌కు చేరేసరికి 7వ తేదీ తెల్లవారుజాము. నిజమో కాదో తేల్చడానికి భౌతిక శాస్త్రవేత్త యోషియో నిషినా హిరోషిమాలో దిగింది 8న. అదే రోజు విదేశాంగ మంత్రి తోగో చక్రవర్తిని కలిస్తే, యుద్ధాన్ని త్వరగా ముగించాలని చక్రవర్తి చెప్పారు. 9వ తేదీ తెల్లవారకముందే సోవియట్ సేనలు మంచూరియాలోకి దూసుకొచ్చాయి. మాస్కో మధ్యవర్తిత్వం మీద పెట్టుకున్న ఆఖరి ఆశ అక్కడితో పోయింది. ఆ ఉదయమే ఆరుగురు సభ్యుల సర్వోన్నత యుద్ధ మండలి సమావేశమైంది. లోపల వాదన జరుగుతుండగానే నాగసాకి కబురు వచ్చింది. వచ్చినా లొంగుబాటు షరతుల మీద ముగ్గురు ఇటు, ముగ్గురు అటే. ఒక్క ఓటూ మారలేదు. ఆ రాత్రి చక్రవర్తి జోక్యంతో ముడి వీడింది.

ఒక్కటే బాంబు ఉందని జపాన్ సైన్యం అనుకోకూడదు, అందుకే వెంటనే రెండోది అన్నది అప్పటి ఆలోచన. టోక్యోలో ఏం జరుగుతోందో అమెరికాకు పూర్తిగా తెలియదు కదా అన్నది మరో సమాధానం. తెలియనప్పుడు చేయవలసింది ఆగడం. శత్రువు తన గాయాన్ని కొలుచుకోవడానికే రెండు రోజులు పడితే, మూడో రోజున మళ్లీ కొట్టడం హెచ్చరిక ఎలా అవుతుంది? నాగసాకి మీద జారవిడవాల్సిన హెచ్చరిక కరపత్రాలు కూడా ఆ ఊరికి చేరింది ఆగస్టు 10న.

ఇక గురి సంగతి. సైనిక లక్ష్యాల మీదే వేస్తాం, ఆడవాళ్లు పిల్లల మీద కాదని ట్రూమన్ జులై 25న డైరీలో రాసుకున్నారు. అంతకు రెండు నెలల ముందే, మే 10, 11 తేదీల్లో అణుబాంబు ప్రయోగశాల ఉన్న లాస్ అలమోస్‌లో కూర్చున్న లక్ష్య నిర్ణయ సంఘం మూడు మైళ్లకు మించిన వ్యాసం ఉన్న పెద్ద పట్టణాలనే వెతికింది. హిరోషిమా చుట్టూ ఉన్న కొండలు పేలుడు ధాటిని కేంద్రీకరిస్తాయని లెక్క వేసింది. మే 31న మరో సంఘం, చుట్టూ కార్మికుల ఇళ్లు కిక్కిరిసిన యుద్ధ కర్మాగారమైతే మేలని తేల్చింది. బాంబును నేల మీద కాకుండా సుమారు 580 మీటర్ల ఎత్తున పేల్చడమెందుకు? ఆ ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడి ఎక్కువ మేర కట్టడాలను కూలుస్తుంది కాబట్టి. హిరోషిమాలో సైనిక కేంద్రం ఉన్న మాట నిజం. ఆ ఉదయం అగ్నిప్రమాదాలు పాకకుండా ఇళ్లు కూల్చే పనికి బడిపిల్లలను వేల సంఖ్యలో ఊరి నడిబొడ్డుకు తెచ్చిన మాటా నిజమే. తెల్లవారి మోగిన సైరన్ 7:31కి ఆగిపోయింది, ప్రమాదం లేదనుకుని పిల్లలు పనిలోకి దిగారు. వారిలో సుమారు 6 వేల మంది చనిపోయారు. ఏడాది చివరికి ఊరి మృతులు దాదాపు లక్షా 40 వేలు.

మార్చి 10 నాటి టోక్యో దహనకాండలో ఒక్క రాత్రిలో లక్ష మంది పోయారు, మరి అణుబాంబు ప్రత్యేకత ఏమిటని కొందరు అడుగుతారు. మా జవాబు: ఆ రాత్రే గీత దాటేశారు. ఊళ్లను తగలబెట్టడం అలవాటయ్యాక, ఆ పని ఒక్క విమానంతో చేయడం వారికి కొత్త పాపంగా కనిపించలేదు. ఒక తప్పు మరో తప్పుకు సాకు కాలేదు, దారి వేసింది.

ఆపడం సాధ్యమేనా? సాధ్యమే. ఆగస్టు 10న, అణుబాంబును తయారుచేసిన మాన్‌హట్టన్ ప్రాజెక్టు అధిపతి గ్రోవ్స్, మూడో బాంబు 17 లేదా 18 తర్వాత వేయడానికి సిద్ధమని సైన్యాధిపతి జార్జ్ మార్షల్‌కు రాశారు. అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా దాన్ని జపాన్ మీద వేయకూడదని మార్షల్ అదే కాగితం అడుగున చేత్తో రాశారు. మరో ఊరిని తుడిచిపెట్టడం, ‘అంతమంది పిల్లల్ని’ చంపడం తనకు భరించరానిదని ట్రూమన్ ఆ రోజు మంత్రివర్గంలో అన్నట్టు మంత్రి హెన్రీ వాలెస్ డైరీలో ఉంది. ఆ చేతిరాత నాలుగు రోజుల ముందు పడి ఉంటే నాగసాకి మిగిలేది. పోట్స్‌డామ్ ప్రకటన ముసాయిదాలో జపాన్ రాజవంశం కొనసాగవచ్చని హామీ ఇచ్చే వాక్యాన్ని కొట్టివేయకుండా ఉంచి ఉంటే హిరోషిమా కూడా మిగిలేదేమో. అది ఊహ, నాగసాకి సంగతి ఊహ కాదు.

జపాన్ నేతల యుద్ధ నేరాల మీద జరిగిన టోక్యో విచారణలో భారత న్యాయమూర్తి రాధావినోద్ పాల్ తన భిన్నాభిప్రాయంలో, పసిఫిక్ యుద్ధంలో నాజీ నేతల ఆదేశాలకు దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అది అణుబాంబు నిర్ణయమేనన్నారు. చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం ఘోరాలకు పాల్పడిన యుద్ధంలో నిందితులందరినీ ఆయన నిర్దోషులనడం మాకు మింగుడుపడదు. బాంబు మీద ఆయన మాట మాత్రం నిలుస్తుంది. 1963 డిసెంబర్‌లో టోక్యో జిల్లా కోర్టు కూడా ఆ రెండు దాడులూ అప్పటి అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది, బాధితులకు పరిహారం మాత్రం ఇవ్వలేదు. ఊళ్లనే గురిగా చేసుకునే బాంబుదాడులను నిషేధించిన 1977 జెనీవా అదనపు ఒప్పందంలో మన దేశం ఇప్పటికీ చేరలేదు.

ఇదంతా మనకెందుకని అనుకోవడానికి లేదు. అణు జలాంతర్గామి అరిహంత్ తయారైంది విశాఖలో. అణ్వస్త్రాన్ని ముందుగా వాడబోమని, వాడే నిర్ణయం ప్రధాని నాయకత్వంలోని రాజకీయ మండలిదేనని 2003 జనవరి 4న ప్రభుత్వం ప్రకటించింది. ఈ రెండూ విలువైన హామీలు. వాటి పక్కనే మరో మాట ఉంది: మన ప్రతీకారం ‘భారీగా’ ఉంటుందట. భారీగా అంటే ఎన్ని ఊళ్లు? మొదటి దెబ్బకు, రెండో దెబ్బకు మధ్య ఆగి చూసే చోటు ఎక్కడ ఉంది? 1945 జులై 25 నాటి ఉత్తర్వులో లేనిదే ఇక్కడా కనపడటం లేదు.

2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరి పాకిస్థాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. అందులో పేలుడు పదార్థం లేకపోవడం, అవతలివారు తొందరపడకపోవడం ఇరుదేశాల అదృష్టం. అది పొరపాటేనని మన రక్షణ శాఖ బహిరంగంగా చెప్పింది 11న. ఆ తర్వాత ముగ్గురు అధికారులను తొలగించారు. క్షిపణి పరీక్షల గురించి ముందే కబురు చేసుకోవాలని 2005లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి, కానీ అది బాలిస్టిక్ క్షిపణులకే పరిమితం. బ్రహ్మోస్ వంటి క్రూయిజ్ క్షిపణులు దాని పరిధిలోకి రావు. వాటినీ చేర్చే చర్చకు అడ్డేమిటో, పొరపాటు జరిగిన గంటలోపే అవతలి పక్షానికి ఫోను చేయవలసిన అధికారి ఎవరో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పాలి.