వేసవి సెలవుల్లో ఇంట్లో ఎవరుండాలి?

వేసవి సెలవులు మరీ ఎక్కువయ్యాయన్న మాట ఏటా బడులు మూసే వారంలో మొదలై, తెరిచే వారానికి చల్లారిపోతుంది. ఎక్కువా తక్కువా అని తేల్చేముందు కుటుంబం మీద పడే రోజులను లెక్కపెట్టి చూడాలి.

ఇంగ్లండ్‌నే తీసుకుందాం. అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లలకు ఏడాదికి 190 రోజులు తరగతులు. శని, ఆదివారాలు పోగా ఏడాదిలో మిగిలేవి సుమారు 260 రోజులు. అంటే 70 రోజులు పిల్లలు ఇంటి దగ్గరే. వారానికి అయిదు రోజులు పనిచేసే ఉద్యోగికి చట్టప్రకారం దక్కే జీతంతో కూడిన సెలవు 28 రోజులు. చాలామందికి అందులో 8 రోజులు అందరికీ ఒకేసారి వచ్చే ప్రభుత్వ సెలవులకే పోతాయి. మిగిలిన ఇరవయ్యేసి రోజులను అమ్మా నాన్నా వంతులు వేసుకుని, ఒక్కరోజైనా కలిసి సెలవు పెట్టకుండా నెట్టుకొచ్చినా, ఆ 8 రోజులతో కలిపి మొత్తం 48 రోజులే. ఇంకా 22 రోజులు పిల్లల దగ్గర ఎవరూ ఉండరు. ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లికైతే ఆ లోటు 42 రోజులు. అక్కడ వేసవి సెలవులు ఆరు వారాలే! ఇటలీలో పన్నెండు వారాలు దాటుతాయి. అమెరికాలో చాలాచోట్ల పది వారాలు ఉంటాయి, ఉద్యోగికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలనే జాతీయ చట్టం మాత్రం లేదు.

కాబట్టి ఇది సోమరితనం గురించిన ఫిర్యాదు కాదు, తల్లిదండ్రుల ఓపికలేనితనమూ కాదు. బడి పంచాంగం ఒకటి, ఉద్యోగ పంచాంగం మరొకటి కావడం వల్ల వచ్చిన చిక్కు.

చదువు మరిచిపోతారన్న వాదనలో నిజం ఉంది గానీ, చెప్పుకునేంత పెద్దది కాదు. 1996లో అమెరికాలో 39 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు సగటున నెల రోజుల చదువు వెనకబడుతున్నట్టు తేలింది. ఎక్కువగా దెబ్బతినేవి లెక్కలు చేయడం, స్పెల్లింగు. చదవడంలో మాత్రం పేదింటి పిల్లలే వెనకబడ్డారు. ఇంట్లో పుస్తకం ఉంటే పిల్లలు చెప్పకుండానే చదువుతారు, భాగహారాలు మాత్రం ఎవరూ సరదాకు చేయరు కదా. అయితే వాడిన పరీక్షను బట్టి ఈ నష్టం పెరుగుతూ తరుగుతూ ఉంటుందని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఒక వారం కోసేస్తే అంతా చక్కబడుతుందని నమ్మడానికి ఇది చాలదు.

45 రోజుల చదువు, 15 రోజుల సెలవు అనే పద్ధతినీ కొన్ని బడులు పాటించాయి. అందులో మొత్తం సెలవు తగ్గదు, ముక్కలవుతుంది. తల్లిదండ్రులు ఏడాదికి ఒకసారి కాక నాలుగుసార్లు మనిషిని వెతుక్కోవాలి. అన్న ఒక బడిలో, చెల్లెలు మరో బడిలో ఉంటే తేదీలు కలవవు. పిల్లల్ని చూసుకునే శిబిరాల్లో పనిచేసే కాలేజీ విద్యార్థులు వేసవిలో తప్ప దొరకరు. ఎండలు మండే ప్రాంతాల్లో రేకుల కప్పు కింద తరగతులు నడపడం ఎలాగూ కుదరదు. అందుకే సెలవులు తగ్గించాలని మేము కోరడం లేదు. వాటిని కుటుంబాలు మోయగలిగేలా అమర్చాలంటున్నాం.

మొదటిది తేదీలు. జర్మనీలో 16 రాష్ట్రాలూ తమ ఆరు వారాల సెలవులను వేర్వేరు తేదీల్లో పెట్టుకుంటాయి, వాటిని ఏళ్ల ముందే ప్రకటిస్తాయి. ఉద్యోగి నిరుడే సెలవు అడిగిపెట్టుకోగలడు. చివరి వారంలో ప్రకటించి, మళ్లీ రెండుసార్లు మార్చే సెలవులు కుటుంబానికి రెట్టింపు భారం.

రెండోది పగటిపూట నీడ. తొమ్మిదింటికి మొదలై పన్నెండింటికి ముగిసే శిబిరం ఆరింటికి ఇల్లు చేరే తల్లికి ఎందుకూ అక్కరకు రాదు. పైగా కొన్ని శిబిరాలు సెలవుల మొదట్లోనే ముగుస్తాయి. దాచుకున్న సెలవులన్నీ అయిపోయే ఆఖరి రెండు వారాల్లోనే తల్లిదండ్రులకు అసలు అవసరం. బడిలో రెండు గదులు, గ్రంథాలయం, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్డి పనిగంటలంతా తెరిచి ఉంచితే చాలు. ఇరవై మంది పిల్లలకు కనీసం ఇద్దరు పెద్దలుండాలి, ఎందుకంటే ఒకరు దెబ్బ తగిలిన పిల్లాడితో వెళ్తే మిగతావారిని చూసేవారు కావాలి. ఎవరు తెచ్చి దింపారు, ఎవరు తీసుకెళ్లారు అన్నది రిజిస్టరులో రాయాలి. ఈ పనికి వేరే మనుషుల్ని జీతమిచ్చి పెట్టాలి, ఉపాధ్యాయుల సెలవులు కోసి కాదు.

తిండి సంగతి వాయిదా వేయలేనిది. బడి భోజనమే కడుపునింపే పిల్లలకు సెలవులంటే ఆకలి రోజులు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని భారత సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. 2021లో ఇంగ్లండ్ సెలవుల్లో భోజనం, ఆటలు అందించే పథకాన్ని దేశమంతటికీ విస్తరించింది.

ఇక సెలవుల హోంవర్కు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. వేసవి మధ్యలో వస్తుంది కనుక ఇచ్చిన ఉపాధ్యాయుడే తిరిగి చూస్తాడు. సెలవుల తర్వాత తరగతి మారే చోట పాత పంతులు ఇచ్చిన నోటుపుస్తకాన్ని కొత్త పంతులు తెరవడు. ఆ సంగతి పిల్లలకు తెలుసు, అందుకే చివరి రెండు రోజుల్లో చూసి ఎక్కిస్తారు. దీనికి బదులు పిల్లలు తామే ఎంచుకున్న పుస్తకాలు ఇంటికివ్వాలి. ఫ్లోరిడాలో పేద విద్యార్థులకు వరుసగా మూడు వేసవులు 12 పుస్తకాల చొప్పున ఇచ్చినప్పుడు వారి చదివే సామర్థ్యం మెరుగుపడింది. లెక్కలకు వారంలో నాలుగు రోజులు, రోజుకు పది నిమిషాలు, అయిదు లెక్కలు: కూడిక పక్కనే తీసివేత, దాని పక్కన భాగహారం. కొత్త పంతులు మొదటి రోజున అడగబోయేవి అవేనని సెలవులకు ముందే పిల్లలకు చెప్పాలి.

వీటిలో తేదీల ప్రకటనకు పైసా ఖర్చు లేదు. ఈ వేసవి తర్వాత బడి గంట మోగే రోజున, వచ్చే వేసవి తేదీలు నోటీసు బోర్డు మీద ఉండాలి.