వేప్ పట్టుకున్నారు సరే, అమ్మినవాడో?

ఉత్తరాంధ్ర పల్లెల్లో మా అమ్మమ్మ తరం ఆడవాళ్లు చాలామంది చుట్టను తిరగేసి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. అడ్డపొగ అంటారు దాన్ని. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు చెప్పేనాటికే అది ఒంటికి పట్టిన అలవాటు. ఇప్పుడు మనవల చేతికి పెన్‌డ్రైవ్ లాంటి వేప్ వచ్చింది, అంటే బ్యాటరీతో నికోటిన్ ఆవిరి పీల్చే ఈ-సిగరెట్. నిప్పు లేదు, బూడిద లేదు. వెనక బెంచీలో పీల్చినా కాస్త మామిడిపండు వాసన, అంతే.

క్యాంపస్‌లలో దీన్ని నిషేధించాలా వద్దా అని వాదించుకుంటున్నాం. దేశమంతా నిషేధం ఎప్పుడో వచ్చేసింది. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో చట్టం. తయారుచేసినా, దిగుమతి చేసినా, అమ్మినా మొదటిసారి ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ ఉంచినా నేరమే. వాడేవాడికి మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. గురి అంతా వ్యాపారం మీదే.

కాలేజీల్లో జరిగేది దీనికి తలకిందులు. హాస్టల్ గదిలో వేప్ దొరికితే కుర్రాడికి సస్పెన్షన్, తల్లిదండ్రులకు ఫోన్. ఎవడు అమ్మాడు, ఇన్‌స్టాలోనా, కిళ్లీ కొట్టులోనా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే చెప్పడు కూడా, భయం. సోదా చేసి సరుకు పట్టుకునే అధికారం ఎస్సై స్థాయి నుంచి ఉంది. ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఒక ఫిర్యాదు ఇస్తే చాలు. కానీ కాలేజీ పేరు పోతుందని ఆ కాగితం బయటకు రాదు.

అసలు నిషేధమే తప్పనేవారి మాటలోనూ పస ఉంది. పద్దెనిమిది నిండినవాడికి పాన్ షాపులో సిగరెట్ దర్జాగా దొరుకుతుంది, అంతకంటే హాని తక్కువని చెప్పే వేప్ మాత్రం నేరం. ఇదేం లెక్క అంటారు. సిగరెట్ మానాలనుకునే కొందరికి వేప్ సాయపడుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి. ఒప్పుకుంటాను. కానీ సిగరెట్ ముట్టని పంతొమ్మిదేళ్ల పిల్లాడు దేన్ని మానడానికి పీలుస్తున్నట్టు? పాతికేళ్ల దాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది, నికోటిన్ పట్టు ఆ వయసులోనే గట్టిగా బిగుస్తుంది. పైగా ఇప్పటి చాలా వేప్‌లలో వాడే నికోటిన్ సాల్ట్ గొంతులో అంతగా మంట పెట్టదు. ఎంత పీల్చాడో వాడికే తెలియదు. దొంగ సరుకులో ఇంకేం కలిపారో అసలే తెలియదు.

సిగరెట్ సంగతి మాత్రం మనం చక్కబెట్టామా? విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 చట్టం. విశాఖలో సిరిపురంలోనో మద్దిలపాలెంలోనో ఓ కాలేజీ గేటు దగ్గర నిలబడి చూడండి, టీ గ్లాసు పక్కనే విడి సిగరెట్లు. వాటిని రోజూ చూస్తూ బ్యాగులు తనిఖీ చేస్తే పిల్లలు నవ్వుకోరా?

సస్పెన్షన్ వల్ల అలవాటు పోదు, మరో చోటికి మారుతుంది. బీచ్ రోడ్డు ఎంత పొడవు! తరగతికి రాకుండా ఇంటికి పంపిన కుర్రాడికి కావలసింది మాన్పించే మనిషి. పొగాకు మానాలనుకునేవారి కోసం కేంద్రం నడిపే ఉచిత ఫోన్ నంబరు ఒకటుంది, 1800 112 356. హాస్టల్ నోటీసు బోర్డు మీద జరిమానా అంకె పెద్దక్షరాల్లో ఉంటుంది. దాని కింద ఈ నంబరు రాయడానికి చోటుంది.